పట్టాలి... వదలాలి!

తాటిచెట్టు ఎక్కే మోకులోనూ, కొండలెక్కేవాళ్ళ ముడిలోనూ ఉన్నది ఒకటే సూత్రం... రాపిడి. అది కాస్త ఎక్కువైతే పైన ఇరుక్కుపోతారు. కాస్త తక్కువైతే కింద పడతారు. ఆ రెంటి మధ్య సరైన పట్టు పట్టుకోవడమే చెట్టెక్కే విద్య.

'తాటిచెట్టు ఎక్కేవాణ్ణి ఎంతదాకా ఎగదోస్తాం?' అని సామెత. చేతులకు అందినంత వరకే! ఆపైన అతని ప్రాణానికి అతనే పూచీ. అతనికీ నేలకీ మధ్య ఉన్న ఒకే ఒక్క ఆధారం నడుము చుట్టూ తిప్పుకున్న మోకు. తెలుగులో తాడు అంటే చెట్టే, తాడు అంటే మోకే. ఆ రెండు తాళ్ళూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నంతసేపే మనిషి పైన ఉంటాడు.

తెనాలి నుంచి అమృతలూరు వైపు వెళ్తుంటే కృష్ణా పశ్చిమ డెల్టా అంతా కళ్ళముందు పరుచుకుంటుంది. వరి కోశాక మినుము, జొన్న, మొక్కజొన్న. కాలవ గట్ల మీదా పొలం గట్ల మీదా తాళ్ళు. మధ్యమధ్య కొబ్బరి. ఊరి మొదట్లో రావి, చింత, నిద్రగన్నేరు. గోవాడ, ఇంటూరు, మోపర్రు... ఎటు తిరిగినా అదే దృశ్యం. ఒకప్పటి గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. కాగితం మీద జిల్లా మారిందేగానీ చెట్టెక్కే తీరు మారలేదు. కల్లు గీయాలన్నా, ముంజెలు దింపాలన్నా, కొబ్బరికాయలు కోయాలన్నా, గాలివానకు విరిగి వేలాడుతున్న కొమ్మను నరకాలన్నా ఎవరో ఒకరు పైకి వెళ్ళాల్సిందే.

వాళ్ళు క్షేమంగా కిందికి దిగిరావాలంటే ఏం కావాలి? కండబలం, ధైర్యం, అలవాటు... ఇవన్నీ ఉన్నవాళ్ళు కూడా జారిపడుతూనే ఉన్నారు. వాళ్ళకు లేనిది రెండో ఆధారం. అది ఎలా ఉండాలో తెలుసుకోవాలంటే ముందు మోకు ఎలా పనిచేస్తుందో చూడాలి.

వాలితేనే నిలబడేది

కొత్తగా చెట్టెక్కేవాళ్ళు భయంతో చెట్టును కౌగిలించుకుంటారు. సరిగ్గా అప్పుడే జారతారు. అనుభవం ఉన్న గీత కార్మికుడు అందుకు పూర్తిగా వ్యతిరేకం. పాదాలు మొదలుకు ఆనించి, నడుమును వెనక్కి వాలుస్తాడు. చూసేవాళ్ళకు గుండె ఝల్లుమంటుందిగానీ, ఆ వాలులోనే ఉంది కిటుకంతా.

వెనక్కి వాలినప్పుడు ఒంటి బరువు మోకును లాగుతుంది. మోకు చెట్టు వెనకభాగాన్ని నొక్కుతుంది. పాదాలు ముందుభాగాన్ని నొక్కుతాయి. ఎంత నొక్కుడు ఉంటే అంత రాపిడి, ఎంత రాపిడి ఉంటే అంత పట్టు. పైకి కదలాలంటే? ఒక్క క్షణం నడుము ముందుకు తెస్తాడు. మోకు వదులవుతుంది. అదే క్షణంలో రెండు చేతులతో దాన్ని ఒక జానెడు పైకి విసురుతాడు. మళ్ళీ వాలతాడు. పట్టు, వదులు... పట్టు, వదులు... చెట్టు మొవ్వు దాకా ఇదే లయ.

ఇందులో ఉన్న లోపం కూడా అక్కడే ఉంది. మోకు వదులైన ఆ ఒక్క క్షణంలో మనిషిని చెట్టుకు పట్టి ఉంచేది పాదాలే. వాన పడి మొదలు నాచుపట్టినా, కాలు జారినా, తల తిరిగినా మోకు వెంటనే బిగుసుకోదు. ఎందుకంటే అది చెట్టు చుట్టూ తిరిగిన వదులు వలయం. మనిషి చెట్టుకు అతుక్కుని జారుతుంటే అదీ అతనితోపాటే కిందికి వచ్చేస్తుంది. బరువు పడగానే దానంతట అదే బిగుసుకునే ఏర్పాటు మోకులో లేదు.

అలాంటి ఏర్పాటు మరోచోట ఉంది. మంచు కొండల్లో!

సన్నతాడుకు లావుతాడు లొంగింది

ఆస్ట్రియాకు చెందిన పర్వతారోహకుడు కార్ల్ ప్రుసిక్ 1931లో ఒక ముడిని ప్రపంచానికి పరిచయం చేశాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో తెగిన వాద్యాల తంతులను బాగుచేయడానికి అతనీ ముడిని వాడాడని అంటారు. చేసేది చాలా తేలిక. సన్నటి తాడును ఉంగరంలా కట్టి, వేలాడుతున్న లావుతాడు చుట్టూ దాన్ని మూడుసార్లు దాని లోపలినుంచే తిప్పాలి. అంతే! బరువు లేనప్పుడు ఆ ముడిని చేత్తో పైకీ కిందికీ జరపొచ్చు. బరువు వేయగానే లావుతాడును ఉడుంపట్టు పట్టేస్తుంది. రాపిడి మీద ఆధారపడే ఇలాంటి వాటన్నిటినీ కలిపి రాపిడి ముళ్ళు అనొచ్చు.

ఇన్ని చుట్లు ఎందుకు? రెండు చుట్లు చాలవా? దీనికి సమాధానం మన పశువుల కొట్టంలోనే ఉంది. పొగరుబోతు ఎద్దు పలుపును చేత్తో పట్టుకుంటే మనిషిని ఈడ్చుకుపోతుంది. అదే పలుపును రాటకు రెండు చుట్లు తిప్పి కొస పట్టుకుంటే చిన్నపిల్లాడైనా ఆపగలడు. 18వ శతాబ్దంలోనే ఆయిలర్ అనే గణితవేత్త దీనికి లెక్క కట్టాడు. రాపిడి గుణకం 0.3 అనుకుంటే ఒక చుట్టుకు పట్టు సుమారు 6.6 రెట్లు పెరుగుతుంది. రెండు చుట్లకు 43 రెట్లు. మూడు చుట్లకు ఏకంగా 285 రెట్లు! అంటే ప్రతి చుట్టూ పట్టును కూడికలా కాక హెచ్చవేతలా పెంచుతుందన్నమాట. రాపిడి ముడిలో తాడు మీద తాడు చుట్టుకుంటుంది కాబట్టి లెక్క అచ్చంగా ఇంతే ఉండకపోవచ్చు. తీరు మాత్రం ఇదే. ఒక్క చుట్టు ఎక్కువైనా తక్కువైనా ముడి స్వభావమే మారిపోయేది అందుకే.

కొమ్మల చెట్టు దారి వేరు

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఇలాంటి గాలివానల తర్వాత ఊళ్ళలో మిగిలే పెద్ద ప్రమాదం నేల కూలిన చెట్టు కాదు. సగం విరిగి ఇంటి కప్పు మీదో, కరెంటు తీగ మీదో వేలాడే కొమ్మ. దాన్ని కోయడానికి చింత, రావి, నిద్రగన్నేరు లాంటి చెట్లెక్కాలి. వీటి మొదళ్ళు ఇద్దరు మనుషులు కలిసినా చేతులకు అందవు. మోకు తిరగదు.

విదేశాల్లో చెట్ల సంరక్షణే వృత్తిగా ఉన్నవాళ్ళు దీనికి తాడుదారి కనిపెట్టారు. చిన్న బరువు కట్టిన సన్నదారాన్ని ఎత్తయిన కొమ్మ మీదుగా విసురుతారు. దాని వెంట అసలు తాడును లాగుతారు. ఇక ఎక్కేది చెట్టును కాదు, తాడును.

ఇందులో రెండు పద్ధతులున్నాయి. ఒకటి జంటతాడు. తాడు ఒక కొస మనిషి నడుముకు, రెండో వైపు అదే మనిషి పట్టుకున్న రాపిడి ముడికి. ఎక్కేకొద్దీ తాడు కొమ్మ మీదుగా కదులుతుంది. బరువు రెండు వైపులా పంచుకుంటుంది కాబట్టి ముడి మీద పడేది సుమారు సగమే. రెండోది ఒంటితాడు. తాడు కదలదు. ఒక కొసను కొమ్మకో, చెట్టు మొదట్లోనో గట్టిగా కట్టేస్తారు. రెండో వైపు వేలాడే తాడు మీద మనిషి నిచ్చెనెక్కినట్టు కాళ్ళతో తొక్కుతూ ఎక్కుతాడు. శ్రమ తక్కువ, వేగం ఎక్కువ. కానీ ముడి మీద పూర్తి బరువు పడుతుంది.

ఇక్కడ చాలామంది గమనించని లెక్క ఒకటుంది. ఒంటితాడును చెట్టు మొదట్లో కడితే పై కొమ్మ మీద పడేది మనిషి బరువు ఒక్కటే కాదు. అటువైపు తాడు కూడా దాదాపు అంతే బలంతో లాగుతుంది. 70 కిలోల మనిషి ఎక్కితే కొమ్మ 140 కిలోల దాకా మోయాలి. తుపానుకు అదిరిపోయిన కొమ్మయితే ఆ తేడా చాలు విరగడానికి. అందుకే ఎక్కేముందు ఇద్దరు మనుషులు కలిసి తాడును పట్టుకుని వేలాడి చూస్తారు.

నాలుగు ముళ్ళు... నాలుగు తత్వాలు

ప్రుసిక్ తర్వాత రాపిడి ముళ్ళు చాలానే పుట్టుకొచ్చాయి. అన్నీ పట్టేవే. ఏది ఎలా వదులుతుందన్నదే తేడా.

ప్రుసిక్: మొండిది. పైకి లాగినా కిందికి లాగినా పడుతుంది. ఒకసారి బరువు పడిందంటే విడిపించడానికి వేళ్ళు నొప్పెడతాయి. తరచూ ఎక్కి దిగే పనికి కాదుగానీ, ఆపద్ధర్మంగా రెండో ఆధారానికి నమ్మకమైనది.

బ్లేక్ ముడి: 1990ల్లో అమెరికాలో ప్రచారంలోకి వచ్చింది. వేరే తాడు అక్కర్లేదు. ఎక్కే తాడు కొసతోనే నాలుగు చుట్లు వేసి, కొసను కింది రెండు చుట్ల అడుగునుంచి తీస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు జంటతాడు మీద ముందు దీంతోనే మొదలుపెడతారు. వేగంగా దిగితే మాత్రం రాపిడి వేడికి తాడు మీద గాజుపూతలా మెరుపు వస్తుంది. ఆ మెరుపు అందం కాదు. పైనూలు కరిగిందని గుర్తు.

డిస్టెల్ ముడి: రెండు కొసల్లోనూ కుట్టిన కన్నెలున్న పొట్టితాడుతో కడతారు. ఎక్కువ చుట్లు పైన, ఒక చుట్టు కింద. తిక్క తక్కువ. ఇవాళ ఎలా పట్టిందో రేపూ అలాగే పడుతుంది.

వాల్డోటైన్ ట్రెస్: ఆల్ప్స్ కొండల్లోని ఒక లోయ పేరు మీద వచ్చింది. పైన చుట్లు, కింద జడ అల్లినట్టు అల్లిక. తల మీద వేలితో నొక్కితే చాలు మెత్తగా వదులుతుంది. అనుభవజ్ఞులు మెచ్చేది ఇదే. కానీ మాట వినేది సరిగ్గా కట్టినవాడికే. ఒక చుట్టు తగ్గితే అసలు పట్టకుండా జారిపోతుంది.

వీటిలో ఏది మంచిది? మంచి చెప్పు ఏదంటే ఏం చెబుతాం! ఎవరి కాలికి సరిపోయింది వాళ్ళకు మంచిది.

శ్రుతి చేసుకోవాల్సిందే

వీణకు తీగలు బిగించినంత మాత్రాన పాట రాదు, శ్రుతి చేయాలి. ముడి కూడా అంతే. ఒకే ముడి, ఒకే తాడు... 55 కిలోల మనిషికి జారిపోతుంది, 90 కిలోల మనిషికి బిగుసుకుపోతుంది. పొద్దున పొడిగా ఉన్నప్పుడు బాగున్నది సాయంత్రం జల్లు పడ్డాక మొండికేస్తుంది. కొత్త తాడు నున్నగా జారుతుంది. పాతబడి నూగు లేచిన తాడు గట్టిగా పడుతుంది.

శ్రుతి చేయడానికి చేతిలో ఉన్న మేకులు నాలుగు. మొదటిది చుట్ల సంఖ్య. పట్టకపోతే ఒకటి పెంచాలి. మరీ బిగుస్తుంటే ఒకటి తగ్గించాలి, లేదా ఒక చుట్టు తీసి ఒక అల్లిక పెంచాలి. రెండోది పొట్టితాడు లావు. ఎక్కే తాడు 11 నుంచి 13 మిల్లీమీటర్లుంటే ముడి తాడు 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఉండాలి. సన్నదైతే కొరికినట్టు పడుతుంది. లావుదైతే బద్ధకంగా పడుతుంది. మూడోది మెత్తదనం. మెత్తటి తాడు ఒంపులకు లొంగి త్వరగా పడుతుంది. బిరుసు తాడు త్వరగా వదులుతుంది. నాలుగోది పొడవు. పొట్టితాడు అవసరం కన్నా పొడవైతే ముడి పట్టేలోగా మనిషి బెత్తెడు కిందికి దిగిపోతాడు. అడుగడుక్కీ బెత్తెడు నష్టమంటే చెట్టు ఇంకా ఎత్తు పెరిగినట్టే!

ఒకసారి ఒకే మేకు తిప్పాలి. చుట్టూ పెంచి, తాడూ మార్చి, పొడవూ తగ్గిస్తే దేనివల్ల బాగైందో తెలియదు. ఈ పరీక్షలన్నీ చేయాల్సింది నేలకు రెండు మూడడుగుల ఎత్తులోనే. కూర్చోవాలి, ఊగాలి, దిగాలి, మళ్ళీ ఎక్కాలి. వరసగా పదిసార్లు ఒకేలా పట్టి ఒకేలా వదిలితేనే పైచూపు చూడాలి. తొమ్మిదిసార్లు పట్టి పదోసారి జారిన ముడి పనికిరాని ముడే.

ఒంటితాడు మీద ఇంకో చిక్కుంది. జంటతాడు మీద వెన్నలా కదిలిన ముడి, పూర్తి బరువు పడేసరికి రాయిలా బిగుస్తుంది. దిగుదామని నొక్కితే కదలదు. గట్టిగా నొక్కితే ఒక్కసారిగా జర్రున జారుతుంది. చుట్లు తగ్గిస్తే ఎక్కేటప్పుడు పట్టదు. ఏళ్ళ తరబడి ఒంటితాడు మీద ఎక్కడం ఒక పరికరంతో, దిగడం మరో పరికరంతో చేయాల్సి వచ్చింది ఇందుకే. 2010 ప్రాంతంలో అమెరికాకు చెందిన కెవిన్ బింగమ్ దీనికి విరుగుడు కనిపెట్టాడు. 'రోప్ రెంచ్' అనే ఈ చిన్న లోహపు ముక్కను ముడికి పైన అమరుస్తారు. బరువు పడగానే అది తాడును కాస్త వంచుతుంది. ఆ ఒంపులో పుట్టే రాపిడి బరువులో కొంత తాను తీసుకుంటుంది. ముడికి మిగిలేది తక్కువే కాబట్టి వేలితో నొక్కితే మెత్తగా వదులుతుంది. ఎద్దు పలుపును రాటకు ఒక చుట్టు తిప్పి, కొస పిల్లాడి చేతికిచ్చినట్టు!

బజారు తాడుతో చెలగాటం

ఇదంతా విని ఊళ్ళో కొట్టుకెళ్ళి నాలుగు గజాల ప్లాస్టిక్ తాడు తెచ్చి ముడివేస్తే? అంతకన్నా ప్రమాదం మరొకటి లేదు. పశువులకూ పందిళ్ళకూ కట్టే ఆ తాడు సాధారణంగా పాలీప్రొపిలీన్. సుమారు 165 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. వేగంగా దిగేటప్పుడు ముడి లోపల రాపిడికి వేడి పుడుతుంది. నైలాన్ రకాన్ని బట్టి 215 నుంచి 260 డిగ్రీల దాకా, పాలియెస్టర్ 250 డిగ్రీలు దాటేదాకా తట్టుకుంటాయి. ముడి తాడుకు ఆరమిడ్ నూలు కలిపినవి వాడేది అందుకే. అది కరగదు, చాలా ఎక్కువ వేడి దగ్గర మాడుతుందంతే. ఉక్కు కన్నా బలమైనదని పేరున్న డైనీమా తాడు సైతం 150 డిగ్రీల లోపే కరుగుతుంది. బలమైన తాడంతా ముడికి మంచి తాడు కాదు.

చెట్టెక్కడానికని తయారుచేసే తాడు ఎంత తక్కువన్నా సుమారు 2,400 కిలోల లాగుడుకు ఆగాలన్నది అమెరికా ప్రమాణం. 70 కిలోల మనిషికి అంతెందుకు అనిపించవచ్చు. ముడి వేసినచోట తాడు బలం తగ్గుతుంది. ఎండకు తగ్గుతుంది. మురికికి, ఇసుకకు తగ్గుతుంది. ఒక్కసారి జారి ఆగితే పడే కుదుపు ఒంటి బరువుకు ఎన్నో రెట్లుంటుంది. ఆ మిగులు బలమంతా అందుకోసమే.

మళ్ళీ తాటిచెట్టు దగ్గరికి...

మరి ఈ విద్య తాటిచెట్టుకు పనికొస్తుందా? ఉన్నదున్నట్టుగా అయితే రాదు. తాటికి తాడు వేయడానికి కొమ్మే లేదు. మట్టలున్నాయిగానీ వాటి అంచుల నిండా రంపపు పళ్ళే. తాడును కోసేస్తాయి. కాబట్టి ఇక్కడ పై నుంచి తాడు వేలాడదీసే పద్ధతి కుదరదు. తాడు మొదలు చుట్టూనే తిరగాలి. కాకపోతే వదులు వలయంగా కాక, బరువు పడగానే బిగుసుకునే జారుముడిగా తిరగాలి. నడుముకు, తొడలకు పట్టీలుండాలి. చెట్టు లావు మారేకొద్దీ పొడవు సవరించుకోవడానికి రాపిడి ముడి ఉండాలి.

తెలంగాణలో ఈ దిశగా ఒక అడుగు పడింది. 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో అప్పటి ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి గీత కార్మికులకు 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో కిట్ల పంపిణీ ప్రారంభించారు. కాటమయ్య గౌడుల కులదైవం. కొండలెక్కేవాళ్ళ తరహా తాళ్ళు, పట్టీలతో ఉండే ఈ కిట్టును శిక్షణ ఇచ్చి మరీ అందజేశారు. కాలు జారినా మనిషి నేలకు రాకుండా చెట్టుకే ఆగిపోవాలన్నది దీని ఉద్దేశం.

కేరళ మరో దారి పట్టింది. కొబ్బరి ఎక్కేవాళ్ళు కరవై తోటలు పండి రాలిపోతుంటే, కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో 'ఫ్రెండ్స్ ఆఫ్ కోకోనట్ ట్రీ' పేరుతో యువతకు యంత్రంతో చెట్టెక్కడం నేర్పింది. మహిళలూ నేర్చుకున్నారు. ఆ యంత్రంలో ఉన్నదీ ఇదే సూత్రం. కాలితో తొక్కితే ఇనుప తీగ చెట్టును బిగిస్తుంది, కాలెత్తితే వదులుతుంది.

అలాగని ఇబ్బందులు లేవా? ఉన్నాయి. గీత కార్మికుడు పదిహేను చెట్లు కట్టాడంటే రెండు పూటలా కలిపి రోజుకు ముప్ఫైసార్లు ఎక్కి దిగాలి. మోకు ఒక్క విసురుతో పైకి పోతుంది. బిగుసుకునే తాడును ప్రతి అడుగుకూ చేత్తో సడలించి జరపాలి. చెట్టుకు నాలుగు నిమిషాలు ఎక్కువ పట్టినా రోజుకు రెండు గంటలు. రక్షణ సామగ్రి ఇచ్చినా మూలన పడుతోందంటే అది నిర్లక్ష్యమని తేల్చేయడం తేలికే. ఆ రెండు గంటల లెక్క ఎవరూ వేయరు. శ్రుతి చేయడం అవసరమయ్యేది ఇక్కడే. డెల్టా తాళ్ళ లావుకు తగిన పొడవు, చెమట పట్టిన చేతికి కూడా ఒడుపుగా కదిలే ముడి, ఎక్కేవాడి బరువుకు సరిపడా చుట్లు... ఇవి చూసి అమర్చితే ఆ నాలుగు నిమిషాలు ఒకటికి తగ్గవచ్చు. పరికరాన్ని చేతికిచ్చి ఊరుకోకుండా, చెట్టు కిందే నిలబడి వారం రోజులు సరిచేసి పెట్టే శిక్షకుడు ఉంటేనే అది సాధ్యం.

మోకును పక్కన పెట్టాల్సిన పనీ లేదు. పైకి తీసుకెళ్ళడానికి మోకు, పడిపోకుండా ఆపడానికి రెండో తాడు. ఒకటి తరతరాల ఒడుపు, మరొకటి ఆ ఒడుపు తప్పిన క్షణానికి. గెల దగ్గరకు చేరాక రెండు చేతులూ కత్తికీ లొట్టికీ కావాలి. అప్పుడు మనిషిని పట్టి ఉంచాల్సింది ఆ రెండో తాడే.

ఎక్కేముందు ఒక్క నిమిషం

* తాడును మొదటినుంచి చివరిదాకా చేత్తో తడిమి చూడాలి. కోత, గట్టిపడ్డ చోటు, గాజులాంటి మెరుపు కనిపిస్తే ఆ తాడు చెట్టుకు పనికిరాదు.

* ముడి వేశాక చుట్లు ఒకదాని పక్కన ఒకటి సర్దుకున్నాయో లేదో చూసి, లాగి బిగించి, నేల దగ్గరే బరువు వేసి చూడాలి.

* తాడు తడిసినా, మనిషి మారినా, తాడు మార్చినా మళ్ళీ మొదటినుంచి పరీక్షించాల్సిందే.

* ముడి తల మీద చెయ్యి వేసి ఉంచకూడదు. జారుతున్నప్పుడు భయంతో దాన్నే పట్టుకుంటే ముడి బిగుసుకోదు.

* కత్తి, రంపం వాడేటప్పుడు ఒకటికి రెండు తాళ్ళతో చెట్టుకు కట్టుకోవాలి. పొరపాటున ఒకటి తెగినా రెండోది ఉంటుంది.

* కరెంటు తీగలు దగ్గరగా ఉంటే సరఫరా ఆపించాకే ఎక్కాలి. తడిసిన తాడులోంచీ, పచ్చి మట్టలోంచీ కరెంటు ప్రవహిస్తుంది.

* ఒంటరిగా ఎక్కకూడదు. స్పృహ తప్పి పట్టీలకు వేలాడుతూ ఉండిపోవడం కూడా ప్రాణాంతకమే. కింద ఉన్న మనిషికి పైవాణ్ణి దించడం తెలిసి ఉండాలి.

* పుస్తకం చూసో, వీడియో చూసో నేర్చుకుని ఎత్తులు ఎక్కొద్దు. తెలిసినవాళ్ళ దగ్గర, నేల మీద మొదలుపెట్టాలి.